వారం టెస్టులో ప్రతి జవాబు పక్కనా ‘తెలుసు / డౌటు / గుడ్డి’ అని రాయించడం మేలా, చాకిరీయా?

కృష్ణలంక_నాన్న:
మా అమ్మాయి సీనియర్ ఇంటర్ ఎంపీసీ, హాస్టల్లో ఉంటోంది. జూన్ నుంచి వాళ్ల కాలేజీలో కొత్త పద్ధతి పెట్టారు. ఆదివారం జేఈఈ మెయిన్ మోడల్ టెస్టు రాసేటప్పుడు ప్రశ్నపత్రం మీద ప్రతి నంబరు పక్కనా ‘తె’, ‘డౌ’, ‘గు’ అని గుర్తు పెట్టాలి. తెలుసు, డౌటు, గుడ్డిగా పెట్టాను అని. కీ వచ్చాక తప్పులన్నిటికీ ఎర్రర్ లిస్టు, ఎందుకు తప్పిందో కారణంతో సహా. దీన్ని మెటాకాగ్నిషన్ అంటారని, తన చదువును తానే గమనించుకోవడమని పేరెంట్స్ మీటింగులో చెప్పారు. అమ్మాయేమో ‘లెక్క చెయ్యడానికే టైం చాలట్లేదు నాన్నా’ అంటోంది. రెండు నెలలైంది. మార్కులు పెరగకపోగా 12 తగ్గాయి. మీ పిల్లలకు ఎవరికైనా పనిచేసిందా?

చాక్‌పీసు:
కాకినాడలో 26 ఏళ్లు ఇంటర్ లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ‘మొత్తం చదివేశాను సార్, పేపర్లో గుర్తురాలేదు’ అన్న మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఆ పిల్లలు అబద్ధం ఆడరు. నాలుగోసారి అదే పేజీ తిప్పుతుంటే ప్రతి లైనూ ఎక్కడో చూసిన మొహంలా ఉంటుంది, వచ్చేసిందనుకుంటారు. పుస్తకం మూసి తెల్లకాగితం ఇస్తే ఆ మొహానికి పేరు కూడా గుర్తుకురాదు.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీద ఇదే పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరు నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా రాశారు. అయిదు నిమిషాలకు పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతం, రాసినవాళ్లకు 71. వారం తర్వాత తిరగబడింది. చదివినవాళ్లకు 40, రాసినవాళ్లకు 61. అంతకన్నా విచిత్రం, వారం తర్వాత ఎంత గుర్తుంటుందని ముందే అడిగితే, ధీమాగా చెప్పింది ఆ నాలుగు విడతలు చదివినవాళ్లే!

అందుకే ఆ గుర్తు మంచిదే అంటాను. ‘డౌ’ పెట్టినవి తప్పితే కంగారు లేదు, ఆ చాప్టర్ ఎలాగూ మళ్లీ తీస్తుంది. ‘తె’ పెట్టి తప్పినవెన్నో చూసుకోమనండి. అవి తనంతట తాను ఎప్పటికీ తెరవని పేజీలు.

మైనస్_ఒకటి:
మాస్టారూ, ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని పెట్టినా సగటున ప్రశ్నకు 0.25 లాభమే. మరి ‘గు’ అని రాయించి భయపెట్టడం దేనికి?

చాక్‌పీసు:
గుడ్డిగా పెట్టొద్దని నేనెక్కడన్నాను బాబూ? పెట్టు. పెట్టానని గుర్తు పెట్టుకో. లేకపోతే తగిలిన గుడ్డి జవాబుని కూడా వచ్చిన లెక్కల్లో కలిపేసుకుంటావు.

మైనస్_ఒకటి:
మీరు అనలేదు, పద్ధతి అంటోంది. 0.25 అవునా కాదా, అది చెప్పండి.

పద్మజ_మియాపూర్:
మావాడు పదో తరగతి నుంచీ ఎర్రర్ నోటు రాశాడు. కాన్సెప్టుకి ఎరుపు, సిల్లీ మిస్టేక్‌కి ఆకుపచ్చ, టైం చాలనివాటికి నీలం. పెళ్లి శుభలేఖలా ఉండేది. ఆ నోటు ఒక్కసారైనా తిరిగి తెరిచాడా అంటే లేదు. రాయడంతోనే పని అయిపోయిందనుకున్నాడు. రాంకు సంగతి అడక్కండి.

మానుకోట_పోరడు:
మా తమ్మునికైతే పనిజేసింది. ‘తె’ పెట్టినయి పదింట్ల నాలుగు తప్పే. కోఆర్డినేషన్ కాంపౌండ్స్ మస్తు వచ్చనుకుండు పాపం. రానేరాదు.

మైనస్_ఒకటి:
ఈఏపీసెట్లో 160 ప్రశ్నలకు నెగటివ్ మార్కే లేదు. అక్కడ ఈ గుర్తులు శుద్ధ దండగ.

చాక్‌పీసు:
గుర్తు ఆ పరీక్ష మార్కు కోసం కాదని మూడోసారి చెబుతున్నాను. సరే, 0.25 ఒప్పుకున్నా అది ఆప్షన్లున్న ప్రశ్నలకే. 2025 నుంచి మెయిన్లో సబ్జెక్టుకు అయిదు న్యూమరికల్ ప్రశ్నలు తప్పనిసరి, వాటికీ మైనస్ ఉంది. అక్కడ కళ్లు మూసుకుని ఏ అంకె వేస్తావు? అర్థం చేసుకోవాలనుకోని వాళ్లకు ఎంత చెప్పినా అంతే.

మైనస్_ఒకటి:
అదిగో, బయటపడింది. మాకు చెప్పిన సారూ మీలాగే ‘నీకేం రాదో నువ్వే రాయి’ అని బోర్డు దగ్గరికి పిలిచాడు. రాశాను. ట్రిగొనోమెట్రీ, మొత్తం. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత రెండేళ్లు నాకు ఒక్క డౌటూ రాలేదు. మీ 26 ఏళ్లలో ఎంతమందిని అలా నిలబెట్టారో లెక్కుందా?

చాక్‌పీసు:
నిలబెట్టాను, లేదనను. కానీ ఇక్కడ దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

లాంగ్‌టర్మ్_బెంచి:
ఉంది సార్. నేను నీట్ లాంగ్ టర్మ్. మా దగ్గరా ఇవే గుర్తులు. షీటు ఫ్లోర్ ఇన్‌ఛార్జి చూస్తారు. డౌట్లు 20 దాటితే స్టడీ అవర్లో లేపి అడుగుతారు, ఇంటికి వాట్సాప్ పోతుంది. అందుకని అందరం 15 పెడతాం. ప్రతి వారం 15. ‘కాన్సెప్ట్ రాదు’ అని రాస్తే ఇంకో షీటు చేతికిస్తారు, ‘సిల్లీ మిస్టేక్’ అంటే వదిలేస్తారు. మా బ్యాచ్ మొత్తం సిల్లీయే.

కృష్ణలంక_నాన్న:
వాట్సాప్ మాకూ వస్తుంది. అందులో తప్పేముంది? ఆదివారం సాయంత్రం పది నిమిషాలు ఫోన్ ఇస్తారు, షీటు ముందు పెట్టుకుని ఒక్కో డౌటూ అడుగుతాను. ఫీజు కట్టేవాడికి ఆమాత్రం హక్కు లేదా?

చాక్‌పీసు:
వారానికి పది నిమిషాలు దొరికితే పిల్లని అడిగేది అదా! షీటు మీ ఫోనుకు వస్తుందని మొదట్లో మీరు రాయలేదు. పిల్ల చూసుకునే అద్దమనుకుని నేను మెచ్చుకున్నాను. సీసీ కెమెరా అని ఇప్పుడు తెలిసింది. మీరు చూస్తారని తెలిశాక ‘డౌ’ అని నిజం రాయడానికి తనేమన్నా వెర్రిదా?

కృష్ణలంక_నాన్న:
నోరు జాగ్రత్త సార్. మా బావమరిది కొడుకుని అలాగే స్వేచ్ఛగా వదిలేస్తే ఫస్టియర్లో మూడు సబ్జెక్టులు పోగొట్టాడు. పదిహేడేళ్ల పిల్లలకు తమకేం రాదో తమకు తెలుస్తుందా?

పద్మజ_మియాపూర్:
నాన్నగారి మాటే నాదీ. చూడకపోతే మాకెలా తెలుస్తుంది?

మానుకోట_పోరడు:
మా తమ్ముని నోటు నేనెన్నడు సూడలే అక్కా. ఆ నాలుగు తప్పుల ముచ్చట ఆడే జెప్పిండు.

కృష్ణలంక_నాన్న:
కోపంలో రాశాను, ఏమనుకోకండి. ఈ ఆదివారం షీటు గురించి అడగలేదు. ఏం తిన్నావని అడిగాను. కాసేపయ్యాక తనే చెప్పింది, రఫ్ నోటు వెనక పేజీలో అసలు గుర్తులు వేరే పెట్టుకుంటోందట, మూడు వారాలుగా. షీటు మీదవి మా కోసం. ‘దసరాకి వచ్చినప్పుడు అది చూపించమ్మా’ అన్నాను. అలవాటులో వచ్చేసింది. ‘టైమైంది నాన్నా’ అని పెట్టేసింది.

చాక్‌పీసు:
దసరాకి అడక్కండి.

మైనస్_ఒకటి:
ఇంతకీ ఆప్షన్ల వరకు 0.25 కరెక్టే కదా?