శాంటా క్రూజ్ ఐలాండ్ గుహల్లోకి కయాక్ టూర్: ఈత రానివాళ్ళు వెళ్ళొచ్చా?

ఇర్వైన్ గోదారోడు:

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ లాంగ్ వీకెండ్‌కి దక్షిణ కాలిఫోర్నియా తీరంలోని వెంచురా నుంచి ఫెర్రీలో శాంటా క్రూజ్ ఐలాండ్ వెళ్ళి, అక్కడ గైడ్‌తో కయాక్‌లో (తెడ్డుతో నడిపే చిన్న సన్నటి పడవ) సముద్రపు గుహలు చూసొచ్చే టూర్ తీసుకుందామనుకుంటున్నాం. ఫొటోలు చూసిన దగ్గర్నుంచీ మావాడు (తొమ్మిదేళ్ళు) రోజూ ఒకటే గొడవ. నాకు చిన్నప్పుడు గోదాట్లో నేర్చుకున్న ఈత ఉంది, కానీ ఇది పసిఫిక్, దాని లెక్క వేరే. మా ఆవిడకి అసలు ఈత రాదు, నడుము లోతు దాటితే ఊపిరి బిగబట్టేస్తుంది. అయినా "మీరిద్దరూ వెళ్తే నేనొక్కదాన్నీ ఒడ్డున కూర్చోను" అంటోంది. పైగా రాజమండ్రి నుంచి అమ్మా నాన్నా వచ్చి ఉన్నారు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, వాళ్ళని ఇంట్లో వదిలి వెళ్ళబుద్ధి కావట్లేదు.

టూర్ల వెబ్‌సైట్లలో "బిగినర్స్‌కి సరిపోతుంది" అని రాస్తారు, కింద సంతకం పెట్టాల్సిన కాగితంలో ప్రాణాపాయం దాకా అన్నీ రాస్తారు. దేన్ని నమ్మాలి? నిజంగా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. గుహ లోపల ఎలా ఉంటుంది, ఈత రానివాళ్ళని తీసుకెళ్ళడం తెలివైన పనేనా, పెద్దవాళ్ళని ఏం చెయ్యాలి?

కెల్ప్ కింద చేప:

నేను ఈ దీవికి తరచూ వెళ్తుంటాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఓపిక చేసుకోండి.

ముందు ఈత సంగతి. లైఫ్ జాకెట్ వేస్తారు, హెల్మెట్ పెడతారు, వెట్‌సూట్ (చలి ఆపే బిగుతు రబ్బరు సూట్) కూడా తొడుగుతారు, అది కూడా కొంత తేలుస్తుంది. కాబట్టి మునిగిపోతామన్న భయం అక్కర్లేదు. అసలు సమస్య వేరు. పడవ తిరగబడినప్పుడు చల్లటి నీళ్ళలో ఒక్కసారిగా మొహం మునుగుతుంది, అప్పుడు బెంబేలెత్తిపోకుండా పడవ పట్టుకుని గైడ్ చెప్పేది వినగలరా లేదా అన్నదే ప్రశ్న. బాగా ఈదేవాళ్ళలో కూడా అది చెయ్యలేనివాళ్ళు ఉంటారు. మీ ఆవిడ సంగతి ముందుగా తేల్చుకోవాలంటే మీ ఇంటి పక్కనే అప్పర్ న్యూపోర్ట్ బే ఉంది కదా, అలలు ఉండవు, అక్కడ సిట్-ఆన్-టాప్ కయాక్ (లోపల దూరి కూర్చునేది కాదు, పైన కూర్చునేది) అద్దెకి తీసుకుని, ఒడ్డుకి దగ్గర్లో కావాలనే తిరగేసి మళ్ళీ ఎక్కమనండి. కిందపడి పైకెక్కిన మనిషికి సగం టెన్షన్ పోతుంది. ఎక్కలేకపోతే ఆ సంగతి దీవి మీద కాకుండా అక్కడే తెలుస్తుంది. ఇంకోటి, బుక్ చేసేముందు ఫోన్ చేసి ఒకరికి ఈత రాదని, పిల్లాడికి తొమ్మిదేళ్ళని స్పష్టంగా చెప్పండి. వయసు, బరువు పరిమితులు ఒక్కో టూర్‌కి ఒక్కోలా ఉంటాయి.

ఇక గుహలు. ఫెర్రీ దింపేది స్కార్పియన్ యాంకరేజ్ దగ్గర, టూర్లు మొదలయ్యేది కూడా ఆ గులకరాళ్ళ బీచ్ నుంచే. ఆ చుట్టుపక్కల కొండ అంతా అగ్నిపర్వతపు రాయి, అందులో పగుళ్ళు ఉన్నచోటల్లా సముద్రం తొలుచుకుంటూ పోయి గుహలు చేసింది. కొన్ని తోరణాల్లా అటునుంచి ఇటు దాటొచ్చు, కొన్ని లోపలికి పోయేకొద్దీ ఇరుకై చీకటైపోతాయి. చాలామంది పెయింటెడ్ కేవ్ ఫొటోలు చూసి బుక్ చేసేస్తారు. అది దీవి వాయవ్యం వైపు ఉంది, దాదాపు పావు మైలు పొడవు, ప్రపంచంలోనే పెద్ద సముద్రపు గుహల్లో ఒకటి. స్కార్పియన్ నుంచి వెళ్ళే కయాక్ టూర్‌లో అది రాదు. పిల్లాడికి ముందే చెప్పండి, తర్వాత అక్కడ అలగకుండా.

లోపల ఎలా ఉంటుందంటే, గైడ్ ముందుగా గుహ నోటి దగ్గర ఆగి కాసేపు ఊరికే చూస్తాడు. మనకి విసుగొస్తుంది, కానీ అతను అలల గుంపులు లెక్కపెడుతుంటాడు. సముద్రంలో చిన్న అలలు కొన్ని వచ్చాక పెద్దవి ఒక జట్టుగా వస్తాయి, ఆ జట్టు వెళ్ళిపోయాక ఒక్కో పడవనీ లోపలికి పంపిస్తాడు. ఇరుకైన చోట పడవని వెనక్కి తిప్పి, ముక్కు బయటికి ఉండేలా పంపిస్తాడు, ఏదన్నా అయితే నేరుగా తెడ్డేసుకుంటూ బయటికి వచ్చెయ్యడానికి. లోపల నీళ్ళు ఒక్కసారిగా పైకి లేస్తాయి, కప్పు మన హెల్మెట్ దాకా దిగినట్టు అనిపిస్తుంది, మళ్ళీ కిందికి జారిపోతాయి. చివర్లో గాలి ఇరుక్కుని అల కొట్టినప్పుడు "ధబ్" మని శబ్దం వస్తుంది, మొదటిసారి విన్నవాళ్ళు ఉలిక్కిపడతారు. గోడలకి బార్నకిల్స్ (రాళ్ళకి అతుక్కుని బతికే గరుకు పెంకుల జీవులు), గవ్వలు అంటుకుని ఉంటాయి, అరచెయ్యి ఆనిస్తే గీసుకుపోతుంది. తోటపని గ్లౌజులు చవకైనవి ఒక జత చాలు.

పోటు మీద ఉంటే కప్పు దగ్గరవుతుంది, పాటు మీద ఉంటే రాళ్ళు బయటపడతాయి, కాబట్టి ఏ గుహలోకి వెళ్ళాలో ఆరోజు గైడే నిర్ణయిస్తాడు. "ఇవాళ ఇది వద్దు" అన్నాడంటే మారు మాట్లాడకండి. వద్దనేవాడే మంచి గైడ్. మరోచోట, మరో కంపెనీతో, అలలు పొంగుతున్నా కస్టమర్లు గొడవ చేస్తున్నారని లోపలికి తీసుకెళ్ళిన గైడ్‌ని చూశాను. ఎవరికీ ఏం కాలేదు గానీ ఇద్దరు పిల్లలు ఏడుస్తూ బయటికొచ్చారు.

సెప్టెంబర్ మంచి నెల. దీవి ఉత్తరపు ఒడ్డుకి చలికాలంలో వాయవ్యం నుంచి వచ్చే అలలు నేరుగా తగులుతాయి. ఎండాకాలంలో దక్షిణం నుంచి వచ్చేవాటికి దీవే అడ్డం. నీళ్ళు కూడా అప్పుడే కాస్త వెచ్చన, అంటే 60ల్లో ఫారెన్‌హీట్, మన లెక్కన చల్లగానే ఉన్నట్టు. గాలి మాత్రం మధ్యాహ్నం లేస్తుంది, అందుకని పొద్దుటి టూరే తీసుకోండి. తూర్పు నుంచి శాంటా ఆనా గాలులు వీస్తే స్కార్పియన్‌కి నేరుగా తగులుతాయి. అప్పుడు ఫెర్రీనే ఆపేస్తారు. అవి ఎక్కువగా అక్టోబర్ నుంచి.

లా హోయా లంకేయుడు:

పైవారు చెప్పింది అక్షరాలా నిజం, కానీ నేనైతే మొదటిసారి శాంటా క్రూజ్ అనను. శాన్ డియేగోలో లా హోయా ఉంది, ఇర్వైన్ నుంచి ఇంకా దగ్గర. ఫెర్రీ గొడవ లేదు, పాడైతే ఒక పూట పాడవుతుంది, రోజంతా కాదు. లా హోయా షోర్స్ బీచ్‌లో ఎక్కి మైలు, మైలున్నర తెడ్డేస్తే ఇసుకరాయి కొండలో వరసగా ఏడు గుహలు. దారిలో సీ లయన్లు రాళ్ళమీద పడుకుని అరుస్తుంటాయి, వాసన కూడా దూరం నుంచే తెలుస్తుంది. ఆగస్టు, సెప్టెంబర్‌లో లెపర్డ్ షార్కులు ఒడ్డు దగ్గరే తిరుగుతాయి. మనిషిని ఏమీ చెయ్యవు, అయినా ఈ ముక్క మీ ఆవిడకి ముందు చెప్పాలా, తర్వాత చెప్పాలా అన్నది మీ ఇష్టం.

పెద్దవాళ్ళకి కూడా ఇక్కడ ఒక దారి ఉంది. ఆ ఏడింటిలో సన్నీ జిమ్ అనే గుహలోకి కొండమీది దుకాణం లోపల్నుంచి సొరంగం ఉంది, 1900ల మొదట్లో తవ్వింది, 145 మెట్లు దిగితే గుహ లోపలికి వెళ్ళొచ్చు. నాన్నగారి మోకాళ్ళకి ఆ మెట్లు కష్టం. అమ్మగారిని పంపి, ఆయన్ని పైన బెంచీ మీద కూర్చోబెట్టొచ్చు.

ఒక్క జాగ్రత్త. లా హోయా షోర్స్‌లో ప్రమాదం గుహ దగ్గర కాదు, తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు దగ్గర. అలలు విరిగే చోట పడవ అడ్డం తిరిగిందంటే తిరగేస్తుంది, అంతే. గైడ్ చెప్పేదాకా అలలు విరిగే చోటుకి అవతల సముద్రంలోనే ఆగి, చెప్పగానే ఆపకుండా తెడ్డెయ్యాలి. సగం దారిలో ఫొటో కోసం ఆగే మహానుభావులు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు.

కెల్ప్ కింద చేప:

లా హోయా సులువే, ఒప్పుకుంటా. కానీ వీకెండ్‌లో అక్కడ గుహల దగ్గర పడవలు ఒకదానికొకటి తగులుతుంటాయి, లోపలికి వెళ్ళనిచ్చే రోజు కూడా అదృష్టం మీదే. శాంటా క్రూజ్‌లో అన్ని గుహలున్నాయి కాబట్టి ఒకటి కాకపోతే ఇంకోటి. ముందు లా హోయా, వచ్చే ఏడాది దీవి అంటే నాకు అభ్యంతరం లేదు. పిల్లాడు ఒప్పుకుంటాడా?

ఫ్రీమాంట్ అత్తగారు:

తమ్ముడూ, మీ ఆవిడ వైపు నుంచి నేను చెప్తా, ఎందుకంటే నాకూ ఈత రాదు, నేనూ ఆ దీవి గుహల్లోకి వెళ్ళొచ్చాను. వెళ్ళాలని తనే అనుకుంటే తీసుకెళ్ళు. నీ కోసమో పిల్లాడి కోసమో వస్తుంటే మాత్రం వద్దు. నీళ్ళ మధ్యలో "నేను రానంటే తీసుకొచ్చావ్" అని మొదలైతే రెండు గంటలు దిగే దారి ఉండదు.

నాకు గైడ్ అమ్మాయి దొరికింది. బయల్దేరేముందు ఎవరికి ఈత రాదని అడిగింది, సిగ్గుపడకుండా చెయ్యెత్తాను. లైఫ్ జాకెట్ బెల్టులు నా చేతే బిగింపించి, తర్వాత భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూసింది. గడ్డం దాకా వస్తే వదులుగా ఉన్నట్టని మళ్ళీ బిగించింది. దారంతా నా పక్కనే ఉంది. అడిగితేనే ఇవన్నీ జరుగుతాయి, ధైర్యస్తురాలిలా నటిస్తే ఎవరికీ తెలీదు.

ఇద్దరు ఎక్కే కయాక్ తీసుకుంటే వెనకాల కూర్చున్నవాళ్ళే పడవ తిప్పాలి, ముందున్నవాళ్ళ లయని బట్టి తెడ్డెయ్యాలి. మా ఆయన వెనకాల కూర్చుని "కుడి! కుడి!" అని అరుస్తూనే ఉన్నారు, తను మాత్రం ఎడమవైపుకే తీసుకెళ్ళారు. మా గైడ్ నవ్వి, వీటికి ఇక్కడ విడాకుల పడవలని పేరుందని చెప్పింది. నిన్నూ పిల్లాణ్ణీ ఒక దాంట్లో, మీ ఆవిణ్ణి గైడ్‌తో ఇంకో దాంట్లో కూర్చోబెట్టడం కుదురుతుందేమో ముందే అడుగు.

ఫెర్రీలో కడుపు తిప్పేవాళ్ళు ముందే మాత్ర వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే లాభం లేదు. ఇండియా నుంచి మీ అమ్మగారు తెచ్చుకున్న అవోమిన్ ఉండే ఉంటుంది, అది వేసుకుంటే మత్తుగా ఉంటుంది, కయాక్ ఎక్కేవాళ్ళు మాత్రం దాని జోలికి పోవద్దు. మత్తు తక్కువుండే మాత్రేదో ఫార్మసీలో అడగండి. పడవలో కింద క్యాబిన్‌లో కాకుండా బయట వెనకవైపు నిలబడి దూరంగా చూస్తూ ఉంటే నయం. మాకు దారిలో డాల్ఫిన్లు పక్కనే పరిగెత్తాయి, అందరూ ఆ ఒక్క వైపుకే వచ్చేశారు.

దీవి మీద దుకాణాలుండవు. స్కార్పియన్‌లో తాగే నీళ్ళ కుళాయి ఉంది, తిండి మాత్రం మనమే తీసుకెళ్ళాలి. పులిహోర చేసుకెళ్ళండి, కానీ బ్యాగు నేల మీద వదిలి వెళ్ళకండి. అక్కడ పిల్లి అంత నక్కలున్నాయి, అవీ, బొంత కాకులూ జిప్పులు కూడా తెరుస్తాయి. మా డబ్బా మూత నక్క కాలి కింద ఉంది, పులిహోర మొత్తం పోలేదు గానీ తినబుద్ధి కాలేదు. తిండి దాచుకోవడానికి పెట్టెలున్నాయి, వాటిలో పెట్టండి. ఆ నక్కలు ఒకప్పుడు ఆ దీవి మీద వందకి లోపే మిగిలాయట, బాగా పెరిగాక 2016లో అంతరించిపోయే ప్రమాదమున్న జంతువుల జాబితాలోంచి తీసేశారు. దాంతో నాకు కోపం కాస్త తగ్గింది.

ఇర్వైన్ గోదారోడు:

అందరికీ చాలా థాంక్స్. మా ఆవిడకి ఇవన్నీ చదివి వినిపించాను. "నా అంతట నేనే వస్తా" అంది, కానీ ముందు న్యూపోర్ట్ బేలో పడి లేవడం చెయ్యాలట. షార్కుల సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు. దీవికే వెళ్దామని మావాడి తీర్పు. అమ్మానాన్నలని ఫెర్రీలో తీసుకెళ్తే మేం కయాక్‌లో ఉన్నంతసేపూ వాళ్ళు ఏం చేస్తారు? ఫెర్రీ, టూర్ ఒకేచోట బుక్ అవుతాయా? ఇంకో మొహమాటపు ప్రశ్న, బాత్రూమ్ సంగతేంటి?

కెల్ప్ కింద చేప:

ఫెర్రీ వేరు, టూర్ వేరు. ఆ దీవి చానెల్ ఐలాండ్స్ నేషనల్ పార్క్‌లోది, ఆ పార్క్ ఒప్పందం మీద నడిచే ఫెర్రీ ఐలాండ్ ప్యాకర్స్ వాళ్ళది. ముందు టూర్‌వాళ్ళ సైట్‌లో వాళ్ళు ఏ ఫెర్రీకి రమ్మంటున్నారో చూసుకుని, "స్కార్పియన్" అని రాసి ఉన్న టికెట్టే కొనండి. అదే దీవిలో ప్రిజనర్స్ హార్బర్ అని ఇంకో రేవు ఉంది, అక్కడ దిగారంటే మీ కయాక్ మైళ్ళ దూరంలో ఉంటుంది. లాంగ్ వీకెండ్ అంటున్నారు కాబట్టి ఇవాళే చూడండి. గాలికి రద్దయితే డబ్బు తిరిగిస్తారా, తేదీ మారుస్తారా అన్నది రెండు చోట్లా విడివిడిగా చదువుకోండి. పార్క్‌కి ప్రవేశ రుసుము లేదు. ముందురోజు రాత్రి వెంచురాలోనో ఆక్స్‌నార్డ్‌లోనో పడుకుంటే మంచిది, పొద్దున్నే 405 ఫ్రీవే మీద ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అమ్మానాన్నలకి రేవు దగ్గర పాత పశువుల రాంచ్ ఇంట్లో చిన్న విజిటర్ సెంటర్ ఉంది, దగ్గర్లో చెట్ల నీడన బల్లలున్నాయి, చదునుగా నడవొచ్చు. అమ్మగారికి ఓపిక ఉంటే కావెర్న్ పాయింట్ దాకా ఎక్కి రావొచ్చు, చుట్టూ తిరిగొస్తే రెండు మైళ్ళు, మొదట్లో ఎక్కుడు గట్టిగా ఉంటుంది. నాన్నగారు ఎక్కొద్దు. కుర్చీ మడిచేది ఒకటి, టోపీ ఒకటి ఇచ్చి, ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకుండా ఎన్నింటికి ఎక్కడ కలవాలో ముందే చెప్పి వెళ్ళండి. తిరుగు ఫెర్రీ మనకోసం ఆగదు.

బాత్రూమ్ ఫెర్రీలో ఉంది, స్కార్పియన్‌లో గుంట మరుగుదొడ్లున్నాయి. కయాక్ మీద లేదు, గుహల్లో దిగనివ్వరు, అక్కడ పక్షులు గూళ్ళు పెట్టుకుంటాయి. కాబట్టి వెట్‌సూట్ తొడుక్కునేముందే వెళ్ళిరండి, పిల్లాణ్ణి రెండుసార్లు అడగండి. తడిసిన వెట్‌సూట్ విప్పి మళ్ళీ తొడగడానికి ఇద్దరు మనుషులు కావాలి.