మెనూలో ప్రస్తుత పేజీ లింకును వేరుగా చూపించడం ఎలా?

ప్రశ్న

నా వెబ్‌సైట్‌లో హోమ్, పాఠాలు, వ్యాసాలు, సంప్రదించండి అనే లింకులతో ఒక మెనూ ఉంది. దాని కోడ్ అంతా ఒకే ఫైలులో ఉంటుంది. ప్రతి పేజీ దాన్ని పీహెచ్‌పీ ఇన్‌క్లూడ్ ద్వారా తెచ్చుకుంటుంది. పాఠకుడు ఏ పేజీలో ఉంటే ఆ లింకు ప్రత్యేకంగా కనిపించాలి. సీఎస్ఎస్‌లో యాక్టివ్ అనే సూడో క్లాస్ (మూలకం ఒక స్థితిలో ఉన్నప్పుడే వర్తించే సెలెక్టర్) పెడితే, మౌస్ నొక్కి ఉంచినంతసేపే రంగు మారి, కొత్త పేజీ రాగానే పోతోంది. జావాస్క్రిప్ట్‌తో, పేజీ చిరునామా లింకు చిరునామాతో మొదలవుతుందా అని పోల్చితే, ఏ పేజీకి వెళ్లినా హోమ్ లింకు కూడా వెలుగుతోంది. పేజీకో మెనూ రాయకుండా దీన్ని సరిచేసే మార్గం వివరించగలరు.

సమాధానం 1

ఆ సూడో క్లాస్ ఉన్నదే లింకును నొక్కుతున్న క్షణం కోసం. మనం ఏ పేజీలో ఉన్నామన్న సంగతి దానికి తెలియదు. ఇక హోమ్ లింకు చిరునామా ఒక్క ఏటవాలు గీత మాత్రమే కాబట్టి, సైటులోని ప్రతి చిరునామా దానితోనే మొదలవుతుంది. అందువల్ల హోమ్‌కు మాత్రం అచ్చంగా సరిపోలితేనే గుర్తు పెట్టాలి.

మెనూ సర్వర్‌లోనే తయారవుతున్నప్పుడు ఈ పోలికను కూడా అక్కడే చేయడం మేలు; జావాస్క్రిప్ట్ లోడయ్యేదాకా గుర్తు కనిపించకపోవడమనే ఇబ్బంది ఉండదు. పాఠకుడు అడిగిన చిరునామాను పీహెచ్‌పీకి అందించే రిక్వెస్ట్ యూఆర్ఐలో ప్రశ్న గుర్తు తర్వాతి భాగం కూడా వస్తుంది కనుక, పార్స్ యూఆర్ఎల్ ఫంక్షన్‌తో దారిని మాత్రమే విడదీసి, చివర ఏటవాలు గీత ఉంటే తీసేసి, ఆ తర్వాత లింకుతో పోల్చండి. ‘పాఠాలు’ కింద ఉన్న ఒక్కో పాఠానికీ ఆ లింకే వెలగాలనుకుంటే, ఆ పదం తర్వాత ఏటవాలు గీత ఉందో లేదో కూడా చూడాలి. లేకపోతే ‘పాఠాలు-పాతవి’ అనే వేరే విభాగానికి వెళ్లినా ‘పాఠాలు’ వెలుగుతుంది.

సమాధానం 2

పై పద్ధతి సరైనదే. అయితే సరిపోలిన లింకుకు క్లాస్ ఒక్కటే తగిలిస్తే, ఆ తేడా కంటితో చూసేవారికి మాత్రమే అందుతుంది. వెబ్ పేజీలు వైకల్యం ఉన్నవారికీ అందేలా చేసే ఏరియా (ARIA) ప్రమాణం 2017లో వెలువడిన 1.1 వెర్షన్‌లో ఏరియా-కరెంట్ అనే యాట్రిబ్యూట్‌ను సరిగ్గా ఇందుకోసమే చేర్చారు. దాని విలువగా పేజ్ అని ఇస్తే, తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ లింకును చదివేటప్పుడు అది ప్రస్తుత పేజీ అని కూడా చెబుతుంది. సీఎస్ఎస్‌లో యాట్రిబ్యూట్ సెలెక్టర్‌తో నేరుగా దానికే అలంకరణ ఇవ్వవచ్చు, విడిగా క్లాస్ అక్కరలేదు. అప్పుడు కంటికి గుర్తు కనబడుతోందంటే యాట్రిబ్యూట్ కూడా ఉన్నట్టే. నేను ఈ పద్ధతిని గట్టిగా సమర్థించేది ఇందుకే.

ఒక పాఠం లోపల ఉన్నప్పుడు మాత్రం మెనూలోని ‘పాఠాలు’ లింకుకు పేజ్ అని ఇవ్వకండి, ఎందుకంటే ఆ లింకు తీసుకెళ్లేది ఆ పేజీకి కాదు. అక్కడ ట్రూ అనే విలువ సరిపోతుంది.

అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. చిరునామాల పోలిక ఇప్పుడు సరిగ్గా పనిచేస్తోంది, ఏరియా-కరెంట్ కూడా చేర్చాను. కానీ ప్రస్తుత లింకుకు బోల్డ్ అక్షరాలు పెడితే దాని వెడల్పు పెరిగి, పక్క లింకులు పేజీ పేజీకీ కొద్దిగా జరుగుతున్నాయి. రంగు ఒక్కటే మార్చి వదిలేయవచ్చా?

సమాధానం 3

వదిలేయకండి. రంగుల మధ్య తేడా గుర్తించలేనివారికి ఆ గుర్తు లేనట్టే అవుతుంది. సమాచారాన్ని తెలపడానికి రంగు ఏకైక ఆధారం కాకూడదని వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండేందుకు రూపొందించిన డబ్ల్యూసీఏజీ (WCAG) మార్గదర్శకాల్లోని 1.4.1 నియమం కూడా చెబుతోంది. రంగుతో పాటు అక్షరాల కింద కాస్త మందమైన గీత పెట్టండి. టెక్స్ట్-డెకరేషన్‌తో వేసే గీత వెడల్పును మార్చదు కనుక లింకులు జరగవు.

బోర్డర్‌తోనే గీత వేయాలనుకునేవారు సాధారణంగా మిగతా లింకులకు పారదర్శకమైన బోర్డర్ పెట్టి ఎత్తు సమం చేస్తారు. విండోస్‌లో హై కాంట్రాస్ట్ థీమ్ వాడేవారి బ్రౌజర్‌లో ఆ పారదర్శక బోర్డర్లన్నీ రంగు తేలి కనిపిస్తాయి, దాంతో అన్ని లింకులూ ఎంపికైనట్టే ఉంటాయి. మిగతా లింకులకు బోర్డర్‌కు బదులు అంతే ప్యాడింగ్ అదనంగా ఇస్తే ఎత్తూ సమంగా ఉంటుంది, ఈ చిక్కూ రాదు. నేపథ్య రంగును మాత్రమే నమ్ముకుంటే ఇదే థీమ్‌లో అది పూర్తిగా మాయమవుతుంది కాబట్టి, గీతను ఉంచి నేపథ్యాన్ని దానికి తోడుగా మాత్రమే వాడండి.