అప్‌డేట్: మళ్ళీ బాణీలు కడుతున్నాను

మా మత సంఘం నుంచి బయటికి వచ్చాక కీబోర్డు ముందు కూర్చుంటే సొంత వరస ఒక్కటీ రావడం లేదని ఆ మధ్య అడిగాను. అక్కడ పెద్దలు ఒప్పుకున్న కీర్తనలే వాయించాలి. మరేది వాయించినా అహంకారమే.

మీలో ఒకరి చిట్కా పనిచేసింది: నల్ల మెట్లు తప్ప ఏవీ ముట్టుకోవద్దన్నారు. మూడు నల్ల మెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జమం (‘స’) చేసుకుంటే మోహన రాగం, మూడోదాన్ని చేసుకుంటే హిందోళ రాగం! ఐదు స్వరాలూ అవే. ఫోనులో తంబూరా శ్రుతి మార్చగానే వెలుగంతా దిగులైపోతుంది. రాత్రి పొద్దుపోయేదాకా, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇదే పని. పక్క వాటా వాళ్ళు అదృష్టవంతులు.

హైదరాబాద్ రాంకోటిలోని త్యాగరాజ సంగీత కళాశాలలో చేరమన్నవారికి: ఇప్పుడే కాదు. నా పాటకు ఇంకొకరు తప్పొప్పులు చెప్పడం కొన్నాళ్ళు వద్దు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు మాత్రం వెళ్ళి వెనక వరసలో కూర్చుంటున్నాను.

పాత కీర్తనలను వదిలేశానా? లేదు. వాటిలో ఒకదాని తిశ్రగతి (మూడేసి మాత్రల నడక) నా కొత్త పల్లవిలోకి దూరింది, ఉండనిచ్చాను. అమ్మ ఇంకా ఫోను ఎత్తడం లేదు. దాని గురించి ఇప్పుడు రాయలేను. చరణం కుదిరాక వినిపిస్తాను.