ప్లెథొరా అంటే పుష్కలమేనా?

బ్యాంకు పరీక్షల గైడులో ‘ప్లెథొరా’కి ‘సమృద్ధి, పుష్కలం’ అని ఇచ్చారు. నిఘంటువేమో ‘మోతాదు మించినది’ అంటోంది. ఏది పట్టుకోవాలి? మన గుంటూరు యార్డుకి మిర్చి ఎక్కువొస్తే ఈ మాట వాడొచ్చా?

— రెండూ ఉన్నాయండీ, అసలుది మాత్రం ‘మించడం’. గ్రీకులో నిండుదనం. వైద్యులు దాన్ని ఒంట్లో నెత్తురు ఎక్కువవడానికి వాడారు, ఆ అర్థంతోనే 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పట్లో దానికి చికిత్స నరం కోసి రక్తం తీయడం, జలగలు పట్టించడం. ఇప్పటికీ ఎర్రకణాలు మితిమీరి మొహం కందగడ్డలా ఉంటే డాక్టర్లు ‘ప్లెథొరిక్’ అంటారు. సమృద్ధిలో ఈ రోగం వాసన ఎక్కడుంది?

— పలికేటప్పుడు ‘తోరా’ అని సాగదీయకండి. ఊనిక మొదటి ‘ప్లె’ మీదే, మిగతాది తేలిపోవాలి: ప్లెథరా. ముందు ‘ఎ’, వెనక ‘ఆఫ్’, ఆపైన లెక్కపెట్టగలిగే బహువచనం. ‘ఎ ప్లెథొరా ఆఫ్ ఆప్షన్స్’ సరే, ‘ఆఫ్ వాటర్’ అంటే ఎబ్బెట్టు. క్రియ మామూలుగా బహువచనమే.

— యార్డుకైతే ‘గ్లట్’. లాటిన్‌లో మింగడం అనే మాట నుంచి వచ్చింది. టిక్కీల (మిర్చి బస్తాల) మీద టిక్కీలు దిగి, కొనేవాళ్లు చాలక ధర పడిపోతేనే గ్లట్. ధర నిలబడితే ఎంత సరుకొచ్చినా కాదు. మన పత్రికలు రాసే ‘మిర్చి పోటెత్తింది’లో సరుకు వెల్లువే ఉంది, ధర సంగతి లేదు. అది ఆటుపోట్లలోని పోటు. తమాషా ఏంటంటే ‘అబండెన్స్’ (సమృద్ధి) లోపల కూడా కెరటమే ఉంది, లాటిన్ ‘ఉండా’!

— ప్లెథొరాకి తెలుగులో సందర్భాన్ని బట్టి: మెచ్చుకోలైతే బోలెడు, కోకొల్లలు, విసుగైతే కుప్పలుతెప్పలు, లెక్కకు మిక్కిలి. ఇబ్బడిముబ్బడి నప్పదు. ఇరుమడి, ముమ్మడి కదా, రెట్టింపులయ్యే పెరుగుదల అది. ప్రకాశం బ్యారేజీలో 12 అడుగుల నీళ్లుంటే పుష్కలం. గేట్లెత్తి సముద్రంలోకి వదిలే రోజున ఎవరూ పుష్కలం అనరు.

— మరి పరీక్షలో?

— ఆప్షన్లలో ‘ఎక్సెస్’ ఉంటే అదే. లేకపోతేనే ‘అబండెన్స్’. వ్యతిరేకం అడిగితే ‘డెర్త్’, ‘స్కేర్సిటీ’, రెండూ కొరతే. డెర్త్‌ని తొందరలో డెత్ అని చదివి వదిలేసేవాళ్లే ఎక్కువ, అక్షరాలు చూసుకోండి.