లిమా డ్రైవర్‌లో జీపీయూ వేగాన్ని బూట్ నుంచే 432 మెగాహెర్ట్జ్ దగ్గర ఆపడం ఎలా?

బోర్డు కంపెనీ ఏదైతేనేం, చిప్ ఆల్‌విన్నర్ హెచ్3, ర్యామ్ 1 జీబీ. జీపీయూ మాలి-400, డ్రైవర్ కెర్నెల్‌లో వచ్చే లిమానే, కెర్నెల్ 6.6. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి దుకాణంలో మిర్చి, పత్తి ధరలు చూపే తెర దీని మీదే నడుస్తోంది.

20 నుంచి 40 నిమిషాలకోసారి, పేజీ జరిగేటప్పుడు తెర బిగుసుకుపోతోంది. ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం పనిచేస్తుంది. కెర్నెల్ లాగ్‌లో లిమా జాబ్ టైమవుట్‌లు వరుసగా కనిపిస్తాయి.

అడాప్టర్ మార్చాను, లోడ్ మీద పిన్నుల దగ్గర 5.02 వోల్టులు. సీఎంఏ (కెర్నెల్ పక్కన పెట్టే వరుస మెమరీ) 64 నుంచి 128 ఎంబీకి పెంచినా అంతే. వేడి 66 డిగ్రీలు దాటలేదు.

జీపీయూ వేగాన్ని లోడ్‌ను బట్టి మార్చే డెవ్‌ఫ్రీక్ గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌కి (ఎప్పుడూ గరిష్ఠ వేగం) మారిస్తే బిగుసుకోవడం పోయింది. అంటే 120, 312, 432, 576 మెగాహెర్ట్జ్‌ల మధ్య క్లాక్ మారేటప్పుడే తంటా అనుకుంటున్నా. కానీ 576లోనే ఉంచితే, రేకుల షెడ్డు కదా, మధ్యాహ్నానికి 84 డిగ్రీలు. మిన్, మ్యాక్స్ రెండూ 432కి కట్టేస్తే బాగానే ఉంది, అయితే అలా కట్టే సర్వీస్ బూట్‌లో మొదలయ్యేలోపే ఒక్కోసారి బిగుస్తోంది.

డివైస్ ట్రీ (కెర్నెల్‌కి హార్డ్‌వేర్ వివరాలు చెప్పే ఫైల్) మీద అతికే ఓవర్‌లేలో మిగతా మూడు ఓపీపీలను (వేగాల ఎంట్రీలను) డిలీట్-నోడ్‌తో తీసేశాను. ఓవర్‌లే ఎక్కింది, నాలుగు వేగాలూ అలాగే ఉన్నాయి. ఓవర్‌లేలో డిలీట్ చెల్లదని ఆలస్యంగా తెలిసింది. అసలు డీటీబీని (కంపైల్ చేసిన డివైస్ ట్రీ ఫైల్‌ని) మారిస్తే ప్రతి కెర్నెల్ అప్‌డేట్‌కీ పోతుంది.

డీటీబీ ముట్టుకోకుండా, 432 ఒక్కటే మిగిలేలా ఓవర్‌లేలో ఏం రాయాలి?