పడిపోతున్న హైస్కూల్‌ను లేపాలంటే హెచ్‌ఎం చేతిలో ఏం ఉండాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

పల్నాటి_నాన్న:
మా ఊరి జెడ్పీ హైస్కూల్లో పిల్లలు ఏటా తగ్గుతున్నారు. ఏడో తరగతి కాగానే టీసీ తీసుకుని టౌన్లో ప్రైవేటుకు పోతున్నారు. నేను ఈమధ్యే తల్లిదండ్రుల కమిటీలోకి వచ్చాను. కొత్త హెచ్‌ఎం గారికి చేయాలనే ఉంది, కానీ ఏది అడిగినా "పైనుంచి ఆర్డర్ రావాలండీ" అంటారు. నిజంగా ఆయన చేతిలో ఏమీ లేదా?

చాక్‌పీస్:
ఉందండీ. నేను స్కూల్ అసిస్టెంట్‌ని, అంటే హైస్కూల్ టీచర్‌ని. మా బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్లో చాలామందికి తెలుగు పేరా చదవడమే కష్టంగా ఉండేది. మా హెచ్‌ఎం మేడమ్ పొద్దున మొదటి పీరియడ్ తరగతులు కలిపేసి, చదివే స్థాయిని బట్టి గుంపులు చేశారు. డ్రిల్ సారుతో సహా అందరం తలా ఒక గుంపు తీసుకున్నాం. దీనికి ఎవరి పర్మిషనూ అడగలేదు. తనిఖీకి వచ్చినాయన "సిలబస్ ఎక్కడిదాకా వచ్చింది?" అంటే, మేడమ్ పిల్లల పరీక్ష పేపర్లు చూపించారు. ఆయన ఇంకేం అనలేదు. టైమ్‌టేబుల్ హెచ్‌ఎం చేతిలోదే, భయం వల్ల చాలామంది ముట్టుకోరు.

మాజీ_హెచ్‌ఎం:
టైమ్‌టేబుల్ సరే, డబ్బు సంగతో? సమగ్ర శిక్ష (సర్కారు బడులకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి డబ్బిచ్చే పథకం) గ్రాంటు 251 నుంచి 1000 మంది పిల్లలు ఉన్న బడికి ఏడాదికి 75 వేలు, 101 నుంచి 250 అయితే 50 వేలు. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే. పిల్లలు తగ్గితే గ్రాంటూ తగ్గుతుంది. అంటే కుంటుతున్న బడికే కోత! పైగా 2021 తర్వాత మా ఖాతా జీరో బ్యాలెన్స్ అయింది. అంటే ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో లిమిట్ కనిపిస్తుంది, డబ్బు మా ఖాతాలో ఉండదు. మార్చి నెలాఖరుకు ఖర్చు కాకపోతే ఆ లిమిట్ పోతుందనే టెన్షన్ వేరే.

2019లో ఆంధ్రాలో సర్కారు బడులు బాగుచేయడానికి మొదలైన నాడు-నేడు పథకంలో మాత్రం కొంత తేడా చూశాను. కాంట్రాక్టర్ లేడు, సిమెంటు, ఇసుక కమిటీయే కొన్నది. మా కమిటీలో ఒక తాపీ మేస్త్రి ఉండేవాడు, మట్టి కలిసిన ఇసుక లోడును గేటు దగ్గరే వెనక్కి పంపాడు. నేనైతే సంతకం పెట్టి దింపించేవాణ్ణి. ఫ్యాన్లు, బెంచీలు మాత్రం రాష్ట్రస్థాయిలో కొని పంపారు. అక్కడ మా మాట లేదు.

పాలమూరు_పిల్ల:
మా తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయి. మహిళా సంఘం అధ్యక్షురాలే కమిటీకి పెద్ద. మా దగ్గర బాత్రూములు, కరెంటు పనులు బాగానే అయినయి. కానీ లెక్కల సారు పోస్టు ఖాళీ. కమిటీకి గోడ కట్టించే అధికారం ఉంది, సారును తెచ్చే అధికారం లేదు. చివరికి పూర్వ విద్యార్థులు చందాలేసి ఊళ్లోనే బీఎస్సీ చదివిన అమ్మాయిని పెట్టారు. పదో తరగతి పిల్లలు ఆమె వల్లనే గట్టెక్కారు. చందా ఎన్నాళ్లు నడుస్తుందో మరి.

కిటికీ_సీటు:
ఇవన్నీ ఒక మంచి హెచ్‌ఎం ఉన్నన్నాళ్లే. ఒకే చోట హెచ్‌ఎంకు 5 ఏళ్లు, టీచర్లకు 8 ఏళ్లు నిండితే బదిలీ తప్పదు. మేడమ్ వెళ్లిపోయాక ఆ మొదటి పీరియడ్ ఏమైంది?

ఇంకోటి, ఇలాంటి చర్చ వస్తే ఎవరో ఒకరు 1971లో నల్గొండ వైపు సర్వేల్‌లో మొదలైన ప్రభుత్వ గురుకులాన్ని (హాస్టల్ బడి) లాక్కొస్తారు. దయచేసి ఆ పోలిక వద్దు. అక్కడ హాస్టల్ ఉంది, పిల్లల్ని ఏరి తీసుకున్నారు. జెడ్పీ బడి వచ్చినవాళ్లందర్నీ తీసుకోవాలి.

చాక్‌పీస్:
న్యాయమైన ప్రశ్నే. మేడమ్ వెళ్లేముందు ఆ పీరియడ్‌ను కమిటీ తీర్మానంగా మినిట్స్ బుక్‌లో రాయించారు. కొత్త సారు ఎత్తేయబోతే తల్లులే అడ్డుపడ్డారు. ఇప్పుడు వారంలో మూడు రోజులే నడుస్తోంది. పూర్తిగా పోలేదు, అంతే.

మాజీ_హెచ్‌ఎం:
పల్నాటి_నాన్న గారూ, విద్యాహక్కు చట్టం సెక్షన్ 21, 22 ఒకసారి చదవండి. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. గ్రాంటు ఖర్చు చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం మీ పనే. చట్టం ఎనిమిదో తరగతి వరకే, అయినా మొదలుపెట్టడానికి చాలు. చాలాచోట్ల ఆ ప్రణాళిక ఆఫీసు గదిలో ఒక్కరే కూర్చుని రాస్తారు, మీటింగ్‌లో సంతకాలు, టీ, బిస్కెట్లు.

పల్నాటి_నాన్న:
శనివారం మీటింగ్ ఉంది. మొదట చదివే పీరియడ్ తీర్మానం పెడతాను, తర్వాత గ్రాంటు లెక్క అడుగుతాను. ఎవరి దగ్గరైనా ప్రణాళిక నమూనా ఉందా?

చాక్‌పీస్:
పంపుతాను. కానీ బడి పేరు మార్చి అలాగే అతికించకండి, మా బడికి లేని లైబ్రరీ కూడా ఒకసారి అలాగే వచ్చి కూర్చుంది :)