విటమిన్ డి: వారానికో 60,000 గోలీనా, రోజూ ఎండా? రోగాలు రాకుండా ఇంటిల్లిపాదీ వేసుకోవచ్చా?

కాజీపేట కోడలు:
మోకాళ్ళు, నడుము నొప్పులని మా అత్తమ్మను హన్మకొండలో చూపిస్తే రక్తపరీక్షలో విటమిన్ డి 11 వచ్చింది, బాగా తక్కువన్నారు. వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు 60,000 యూనిట్ల గోలీలు రాశారు. మామయ్యేమో "ఎట్లాగూ తెస్తున్నాం కదా, అందరం వేసుకుందాం, ఈ వానాకాలం సర్ది జ్వరాలు దగ్గరికి రావు" అంటున్నారు. ఆడపడుచు మాట వేరే: "గోలీలెందుకు, పొద్దున్నే భద్రకాళి చెరువు బండ్ మీద ఎండలో నడిస్తే సరిపోతుంది." ఎవరి మాట వినాలి?

బండ్ వాకర్:
మీ ఆడపడుచు మాటే వినండి. మన తాతలు ఏ గోలీలు మింగారు? వరంగల్‌లో ఎండకు కరువా? ఆరింటికి లేత ఎండలో గంట నడవండి చాలు. మిగతాదంతా కంపెనీల దందా.

మందుల షాపు తమ్ముడు:
అన్నా, నడక మంచిదే. ఆరింటి ఎండతో మాత్రం విటమిన్ డి రాదు. ఎండలోని యూవీబీ అనే ఒక రకం అతినీలలోహిత కిరణాలు తగిలితేనే చర్మంలో అది తయారవుతుంది. పొద్దు వాలుగా ఉన్నప్పుడు ఆ కిరణాలు ఓజోన్ పొర దాటి కిందికి రావడం చాలా తక్కువ. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే అది పనికొచ్చే ఎండ అనుకోండి. మన దగ్గర మే నెలలో తొమ్మిదికే నీడ పొట్టిదవుతుంది, డిసెంబర్‌లో దాదాపు పదకొండు కావాలి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. మన రంగు చర్మానికి తెల్లవాళ్ళకంటే ఎక్కువ సేపు కావాలి.

బండ్ వాకర్:
అంటే మే నెలలో, 44 డిగ్రీల్లో, అరవై ఏళ్ళ మనిషిని నడెండలో నిలబెట్టమంటావా? డి సంగతి దేవుడెరుగు, వడదెబ్బకు దవాఖాన పాలవుతారు.

మందుల షాపు తమ్ముడు:
నడెండ అనలేదన్నా. మేలో తొమ్మిదికి చేతులు, కాళ్ళు కనబడేలా కాసేపు ఉంటే చాలు.

జగిత్యాల టీచర్:
ఎండకు కరువు లేదు సరే, ఎండలో ఉండేదెవరు? మా దిక్కు బీడీలు చేసే ఆడవాళ్ళను చూడండి. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు. తడిపిన ఆకు ఎండితే పెళుసై చుడుతుంటేనే చిట్లుతుంది, అందుకని పొద్దంతా నీడనే కూర్చుంటారు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసేవాళ్ళూ షెడ్డు లోపలే. పత్తి ఏరేవాళ్ళు ఎండలోనే ఉంటారు కానీ చీర మీద నిండు చేతుల చొక్కా, తలకు రుమాలు, ముఖమొక్కటే బయట. వీళ్ళకు "ఎండ ఉంది కదా" అని చెప్పడం తేలిక. బండ్ మీద వాకింగ్‌కు తీరిక ఉన్నవాళ్ళ మాట అది. నా ఓటు గోలీకే.

కేయూ బయోకెమిస్ట్రీ:
టీచర్ గారితో ఏకీభవిస్తాను, అయితే అది ఎముకల వరకే. మామయ్య గారి ప్రశ్న వేరు: రోగాలు రాకుండా ఆపుతుందా అని. ఈ రెండూ కలిపేయడం వల్లే ఇంత గందరగోళం.

మన రక్షణ కణాలకు విటమిన్ డి అవసరం ఉన్నమాట నిజమే. 2017లో 25 ప్రయోగాలను కలిపి చూసినప్పుడు శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు కొంత తగ్గినట్టు కనబడింది. అదీ బాగా లోటున్నవాళ్ళలో, రోజూ లేదా వారం వారం కొద్దికొద్దిగా తీసుకున్నవాళ్ళలో. తర్వాత పెద్ద ప్రయోగాలు చేరేకొద్దీ ఆ లాభం కరిగిపోతూ వచ్చింది. 2025లో మళ్ళీ అన్నీ కలిపి చూసిన లెక్కకు వచ్చేసరికి ఉందని గట్టిగా చెప్పలేనంత చిన్నదైంది.

"లోటున్నవాళ్ళకైనా పనిచేస్తుంది కదా" అంటారు. మంగోలియా రాజధానిలో 8,851 మంది బడిపిల్లలతో చేసిన ప్రయోగం 2020లో వచ్చింది. దాదాపు అందరికీ లోటే. సగం మందికి మూడేళ్ళపాటు వారానికి 14,000 యూనిట్లు ఇచ్చారు. రక్తంలో విటమిన్ బాగా పెరిగింది. టీబీ ఇన్‌ఫెక్షన్ మాత్రం తగ్గలేదు, జలుబు దగ్గులూ తగ్గలేదు.

కోవిడ్ బ్యాచ్:
ఇవన్నీ కాగితాల మీద లెక్కలు. సెకండ్ వేవ్‌లో మా ఇంట్లో అందరం వేసుకున్నాం, ఎవరికీ సీరియస్ కాలేదు.

కేయూ బయోకెమిస్ట్రీ:
ఏమీ వేసుకోకుండా సీరియస్ కానివాళ్ళూ లక్షల్లో ఉన్నారు బ్రో. బ్రిటన్‌లో 6,200 మందితో ఇదే పరీక్షించి చూశారు, 2022లో ఫలితం వచ్చింది. డి తక్కువున్నవాళ్ళకు మందు ఇచ్చినా కోవిడ్ తగ్గలేదు. ఇంకోటి, ముసలివాళ్ళు, జబ్బుతో మంచాన పడ్డవాళ్ళు ఎండలోకి రారు, వాళ్ళకు డి తక్కువే ఉంటుంది. దాన్ని చూసి "డి తక్కువై జబ్బు చేసింది" అనడం తోకను పట్టుకుని తల అనడమే.

జగిత్యాల టీచర్:
మరి గర్భిణులకు? పిల్లలకు?

కేయూ బయోకెమిస్ట్రీ:
వాళ్ళకు ఇవ్వమనే 2024లో హార్మోన్ల డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ సూచన. 75 దాటినవాళ్ళకు, షుగర్ అంచున ఉన్నవాళ్ళకు కూడా. మిగతా ఆరోగ్యవంతులకు ఊరికే పరీక్షలూ వద్దంది, ఎక్కువ మోతాదులూ వద్దంది. మన హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) లెక్కలో పెద్దవాళ్ళకు రోజుకు 600 యూనిట్లు చాలు.

మందుల షాపు తమ్ముడు:
వారానికి 60,000 అంటే రోజుకు 8,500 పైనే. డాక్టర్ చెప్పకుండా 4,000 దాటకూడదంటారు. ఇది నీళ్ళలో కరిగి ఉచ్చలో పోయే బీ-కాంప్లెక్స్ కాదు, కొవ్వులో నిలువ ఉంటుంది. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, వాంతులు, మలబద్ధకం, కిడ్నీలో రాళ్ళు. చీటీ సరిగా చదవక రోజుకొకటి మింగినవాళ్ళను మా కౌంటర్ దగ్గరే చూశాను.

కాజీపేట కోడలు:
రాళ్ళంటే గుర్తొచ్చింది, మామయ్యకు రెండేళ్ళ కింద కిడ్నీలో రాయి తీశారు!

మందుల షాపు తమ్ముడు:
అయితే ఆయన చేతికి ఆ పట్టీ అందనివ్వకండి అక్కా. పరీక్ష చేయించి డాక్టర్ రాస్తే తప్ప ఆయనకు వద్దు. అత్తమ్మకు మాత్రం కోర్సు పూర్తి చేయించండి. ఖాళీ కడుపుతో కాకుండా మధ్యాహ్నం అన్నం తిన్నాక వేయండి, కాస్త నెయ్యో నూనో ఉంటేనే బాగా పడుతుంది. పట్టీ వెనక ఒక్కో గోలీ దగ్గర తేదీ పెన్నుతో రాసిపెట్టండి.